గండి అంచున పరుగు

చెరువు కట్ట తెగితే గండి పడిందంటారు. నది కొండను కోసుకొని పారిన చోటును కూడా తెలుగువారు ఆ మాటతోనే పిలిచారు. కడప సీమలో పాపాఘ్ని కొండల నడుమ నుండి వెలువడే చోటు గండి క్షేత్రం. పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చిన చోట, ఆ చీలిక అంచున నిలిచిన దుర్గం గండికోట. పేరులోనే భూగోళ పాఠం ఇమిడి ఉంది.

గండికోట శిలను ఎర్ర గ్రానైటు అని పలువురు వ్రాస్తుంటారు. అది సరికాదు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న ఇసుక కాలక్రమేణా గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైటు అది. అందువల్లనే గండి గోడలు పుస్తకాలు పేర్చినట్లు పొరలు పొరలుగా కనిపిస్తాయి. అసలైన గ్రానైటును చూడాలంటే హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట వైపు వెళ్ళాలి. రావల్కోల్ పరిసరాల శిల ఈ జాతిదే. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పరుగెత్తేవారికి ఈ భేదం అక్కరకు వస్తుంది. గ్రానైటు గుండు మీద రాలిన మొరం కాలిని జార్చుతుంది. పొరల రాయి మెట్లుగా విరుగుతుంది. దాని అంచు పదునైనది. రెండింటి మీదా పొట్టి అంగలే క్షేమం.

కొండ మీది పరుగుకు, గండిలోని పరుగుకు పెద్ద తేడా ఉంది. కొండను బలం ఉన్నప్పుడు ఎక్కి, అలసినప్పుడు దిగుతారు. గండిలో అంతా తలక్రిందులు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే శరీర భారాన్ని ఆపవలసి వస్తుంది. ఆ శ్రమ అప్పటికి తెలియదు గాని, ఎక్కవలసిన వేళకు కాళ్ళు వణకసాగుతాయి. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో దక్షిణపు అంచుకు, అడుగున ఉన్న నదికి మధ్య దాదాపు 1.4 కిలోమీటర్ల ఎత్తు తేడా ఉంది. అడుగున వేడి పది డిగ్రీలకు పైగా హెచ్చు. ఒక్క రోజులో నదిదాకా దిగి తిరిగి ఎక్కే ప్రయత్నం చేయవద్దని, ముఖ్యంగా వేసవిలో, అక్కడి అధికారులు హెచ్చరిస్తారు.

బయలుదేరిన చోటికే మరొక దారిన చేర్చే చుట్టుబాటలో ఇంకొక చిక్కు ఉంది. సగం దాటిన తరువాత వెనుదిరగడం కంటే ముందుకు సాగడమే దగ్గర. కాని ముందున్నది తెలియని దారి. కనుక నీరు, ఒంట్లో సత్తువ, ఆకాశం చూచుకొని తిరిగిపోవాలా వద్దా అన్నది సగానికి ముందే తేల్చుకోవాలి.

చైనాలోని గాన్సు రాష్ట్రంలో, పసుపు నది ఒడ్డున రాతి స్తంభాలతో నిండిన లోయల ప్రాంతంలో, 2021 మే 22న 100 కిలోమీటర్ల పందెం జరిగింది. 172 మంది పాల్గొన్నారు. వాహనాలు చేరలేని కొండ మీద ఉండగా వడగండ్లు, చలిగాలి విరుచుకుపడ్డాయి. చాలామంది ఒంటిమీద నిక్కరు, పలుచని చొక్కా తప్ప మరేమీ లేవు. గాలిని ఆపే పై చొక్కా తప్పనిసరి సామగ్రిలో చేరలేదు. 21 మంది మరణించారు. వారిలో దేశమంతటా పేరుమోసిన పరుగువీరుడు లియాంగ్ జింగ్ ఒకరు. జు కేమింగ్ అనే గొర్రెల కాపరి ఆరుగురిని తాను తలదాచుకొన్న గుహకు చేర్చి, నిప్పు రాజేసి బ్రతికించాడు. పందెగాళ్ళకు లేనిదీ, కాపరికి ఉన్నదీ ఆ కొండ వాతావరణంతో పరిచయం.

మన గండ్లలో భయపడవలసింది చలికి కాదు, ఎండకు. వేసవిలో రాళ్ళు పొద్దు వాలిన తరువాత కూడా వేడిని కక్కుతూనే ఉంటాయి. చెమటతో నీరే కాక ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీరే అతిగా త్రాగితే రక్తంలోని ఉప్పు పలుచబడి స్పృహ తప్పవచ్చు. ఉప్పు కలిపిన మజ్జిగ చెమటతో పోయిన నీటిని, ఉప్పును కొంతవరకు తిరిగి అందిస్తుంది, కాని దేనినీ అతిగా త్రాగకూడదు. గండికోటకు పోదలచిన రావల్కోల్ యువకుడికి ఇంటి దగ్గరే సాధన దొరుకుతుంది. తెల్లవారకముందే ఒక గుట్ట చుట్టూ పరుగెత్తి, గంటకు తనకెంత నీరు పడుతుందో, దిగుడులో మోకాలు ఎప్పుడు మొరాయిస్తుందో గమనించుకోవచ్చు. తోడుగా ఇంకొకరు ఉండాలి. ఏ దారిన పోతున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పి బయలుదేరాలి.