సభలలో, విందులలో ఛాయాచిత్రణం

ఛాయాచిత్రం నేడు విద్యార్థి జీవితంలో ఒక భాగమైనది. స్వాగత సభ, వీడ్కోలు విందు, వార్షికోత్సవం, ఇఫ్తార్, ఈద్ మిలాప్, ముషాయిరా, ఉగాది కవి సమ్మేళనం - ఏ వేడుక జరిగినను చేతిలో కెమెరా లేని వారు అరుదు. ఒకప్పుడు ముప్పదియారు చిత్రాల ఫిలిం చుట్టను ఎంతో పొదుపుగా వాడుకొనెడివారు. నేడు సెల్‌ఫోను వలన ఒక్క సాయంత్రమే వందల చిత్రాలు తీయబడుచున్నవి. అయినను వాటిలో పది కాలాలపాటు దాచుకొనదగినవి కొద్దియే. ముఖాలు చీకటిలో మునుగుట, కన్నులు ఎర్రబడుట, వరుస చివరనున్నవారి రూపం సాగిపోవుట, చేతులు మసకబారుట - ఇవన్నియు మనం తరచు చూచెడి లోపాలే. వీటిలో ప్రతిదానికి ఒక కారణం కలదు. కారణం తెలిసినచో లోపాన్ని సవరించుకొనుట కష్టం కాదు.

ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. సభలో కూర్చున్న మనిషి రాతి విగ్రహం కాదు. తన చిత్రం ఎవరు తీయుచున్నారో, అది ఎవరి చేతికి చేరునో తెలిసికొనుటకు ఆ మనిషికి హక్కు కలదు. కావున మంచి ఛాయాచిత్రానికి కాంతిని గూర్చిన జ్ఞానం ఎంత అవసరమో, ఎదుటివారి సమ్మతియు అంతే అవసరమని మా అభిప్రాయం. ఈ రెండింటిని ఈ వ్యాసంలో క్రమంగా పరిశీలింతము.

మన నగరపు పరంపర

ఈ కళకు హైదరాబాదులో ఘనమైన చరిత్ర కలదు. 1844లో మీరట్ సమీపమందలి సర్ధానాలో జన్మించిన లాలా దీన్ దయాళ్ రూర్కీలోని ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేయుచు ఛాయాచిత్రణం అభ్యసించెను. తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పెను. దర్బారులు, వేటలు, వైస్రాయిల రాకపోకలు ఆయన కెమెరాలో నిలిచినవి. నిజాం ఆయనకు 'ముసవ్విర్ జంగ్' అను బిరుదు నొసగెను. ఉర్దూలో ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1905లో ఆయన మరణించెను.

ఆయన పనిలో మనం ప్రత్యేకంగా గుర్తుంచుకొనదగినది ఒకటి కలదు. పరదా పాటించు కుటుంబాల స్త్రీలు పురుష ఛాయాచిత్రకారుని ఎదుట కూర్చుండుటకు ఇష్టపడరు. అందువలన వారి ముఖాలు ఏ చిత్రంలోను లేకుండ పోవలసినదేనా? దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కొరకే జెనానా స్టూడియో నొకదానిని తెరచి, దాని నిర్వహణ కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనితకు అప్పగించెను. ఎదుటివారి మర్యాదను కాపాడుచునే వారి చిత్రం తీయుటకు మార్గం కలదని ఆ స్టూడియో నిరూపించినది. ఈ పాఠం మన సభలకు ఎట్లు వర్తించునో వ్యాసం చివర చెప్పెదము.

కాంతి - దూరం

ఆ కాలంలో గదులలో చిత్రం తీయుటకు పగటి వెలుతురే ప్రధానమైన ఆధారం. 1887లో జర్మనీలో మీథే, గేడికే అనువారు మెగ్నీషియం కలిసిన మెరుపు పొడిని రూపొందించిన పిదప రాత్రివేళ చిత్రాలు తీయుట సులభమైనది. అయితే దానివలన పొగ, అగ్నిప్రమాద భయం తప్పెడివి కావు. 1929 ప్రాంతంలో మెరుపు బల్బు వచ్చినది. 1931లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ మెరుపు దీపాన్ని రూపొందించెను. నేటి కెమెరాలలోని ఫ్లాష్ ఆ సంతతిలోనిదే. సెల్‌ఫోనులో ఉన్నది మాత్రం చిన్న ఎల్.ఇ.డి. దీపం. దాని శక్తి రెండు మూడు మీటర్ల దూరానికి మించి పనిచేయదు. సభామందిరం చివర కూర్చుండి వేదికపైకి ఫోను ఫ్లాష్ వేయుట వలన ముందు వరుసల వారి తలలు తెల్లబడునే గాని వేదిక వెలుగదు.

ఫ్లాష్ వాడువారు భౌతికశాస్త్రంలో చదివిన ఒక సూత్రాన్ని జ్ఞాపకముంచుకొనవలెను. చిన్న దీపం నుండి వచ్చు కాంతి దూరవర్గానికి విలోమంగా తగ్గును. దూరం రెండు రెట్లయినచో కాంతి నాలుగవ వంతు అగును. నాలుగు రెట్లయినచో పదహారవ వంతు. విందులో పొడవైన బల్ల ఒక కొసన నిలిచి చిత్రం తీసినామనుకొందము. దగ్గరివారు ఒక మీటరు దూరంలో, కడపటివారు నాలుగు మీటర్ల దూరంలో ఉన్నచో, దగ్గరివారి ముఖం సున్నము పూసినట్లు, దూరంవారి ముఖం మసి పూసినట్లు కనబడును. అదే బల్లకు ఎదురుగా, మధ్యభాగాన నిలిచి తీసినచో అందరికి కాంతి దాదాపు సమంగా చేరును.

ఫ్లాష్ తల త్రిప్పుటకు వీలున్నచో దానిని తెల్లని కప్పువైపు త్రిప్పవలెను. కప్పు నుండి పరావర్తనం చెందిన కాంతి మృదువుగా దిగివచ్చును. వెనుక గోడమీద నల్లని నీడలు పడవు. కన్నులు ఎర్రబడుట కూడ తగ్గును. ఫ్లాష్ కటకానికి మరీ దగ్గరగా ఉన్నప్పుడు కంటి లోపలి రెటీనాలోని రక్తనాళాలు ఆ కాంతిని తిరిగి కటకానికే పంపుటయే ఎర్రదనానికి కారణం. అయితే రంగుల షామియానా క్రింద ఈ ఉపాయం పనికిరాదు. ఎర్ర గుడ్డ నుండి దిగిన కాంతి ముఖాలను ఎర్రగా చేయును.

సాధ్యమైనంతవరకు ఫ్లాష్ లేకుండ తీయుటయే మేలు. సాయంకాల సభ అయినచో పెద్ద కిటికీ ప్రక్కన చేరినవారి చిత్రం తీయవచ్చును. కిటికీ వారి వెనుక గాక ప్రక్కగానో, ఎదుటనో ఉండవలెను. ట్యూబు లైట్ల వెలుగులో మరొక చిక్కు కలదు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గావున పాత చోకు గల ట్యూబు లైటు సెకనుకు 100 సార్లు మినుకుమనును. షట్టరు వేగం ఎక్కువైనచో చిత్రంలో అడ్డచారలు పడును. వేగాన్ని సెకనులో 50వ వంతు గాని, 100వ వంతు గాని ఉంచినచో ఆ చారలు తొలగిపోవును.

నలుపు షేర్వాణి - తెల్ల కుర్తా

కెమెరాలోని కాంతిమాపకం తన ఎదుటనున్నది నడిమి బూడిద రంగుదని తలచి లెక్కగట్టును. నల్ల షేర్వాణీలు, నల్ల బురఖాలు ధరించినవారు చట్రం నిండ ఉన్నచో అది చీకటి అని భ్రమించి కాంతిని పెంచును, ముఖాలు వెలవెలబోవును. తెల్ల కుర్తాలు, తెల్ల పంచెలు ధరించినవారు నిండినచో కాంతిని తగ్గించును, ముఖాలు నల్లబడును. ఈద్ మిలాప్ చిత్రాలు తరచు ఇట్లే చెడిపోవును. దీనికి పరిహారం సులభం. వస్త్రాన్ని గాక ముఖాన్ని ఆధారంగా గైకొనవలెను. సెల్‌ఫోనులో ముఖంపై వ్రేలితో తాకి, ప్రక్కన కనబడు సూర్యుని గుర్తును పైకి గాని క్రిందికి గాని జరిపినచో చాలును.

వరుసలు - దూరాలు

బృంద చిత్రంలో మూడు వరుసలున్నచో కటక రంధ్రాన్ని ఎఫ్/5.6 గాని ఎఫ్/8 గాని ఉంచవలెను. రంధ్రం పెద్దదైనచో ముందు వరుస స్పష్టమై వెనుక వరుస మసకబారును. ఫోనులోని ప్రధాన కటకం విశాలదృష్టి గలది. మరీ దగ్గర నుండి తీసినచో చివరనున్నవారి ముఖాలు వెడల్పుగా సాగును. రెండడుగులు వెనుకకు జరిగి, ఇరువైపుల కొంత ఖాళీ వదలి తీయవలెను. "మీ రెండు కన్నులకు కెమెరా కనబడకపోయినచో, కెమెరాకు మీ ముఖం కనబడదు" అని ముందుగా అందరికి చెప్పుట మంచిది. ఎవరో ఒకరు రెప్ప వేయుట సహజం గావున వెంటవెంటనే నాలుగైదు చిత్రాలు తీయవలెను. అన్నింటికంటె ముందు కటకాన్ని మెత్తని గుడ్డతో తుడువవలెను. జేబులోని ఫోనుపై జిడ్డు చేరి, దీపాల చుట్టు పొగవంటి వలయాలు ఏర్పడును.

దస్తర్‌ఖాన్ చుట్టు నేలపై కూర్చున్నవారిని నిలుచుండి తీసినచో టోపీలు, నెత్తులు తప్ప మరేమియు కనబడవు. మనమును కూర్చుండి, వారి కన్నుల ఎత్తులో కెమెరా పట్టుకొనవలెను. నోట ముద్ద ఉన్నప్పుడు ఎవరి చిత్రమును తీయరాదు. వడ్డించు చేయి, ఖర్జూరం అందించు చేయి, నవ్వుచు మాటలాడుకొను మిత్రులు - విందుకు అసలైన చిత్రాలు ఇవియే.

ముషాయిరాలో కవి ఎదుట మైకు ఉండును. నేరుగా నిలిచినచో ముఖం సగం మూతపడును. కొంచెం ప్రక్కగా నిలువవలెను. పద్యం చదువుచుండగా ఫ్లాష్ వేసి ఆయన ధ్యానభంగం చేయరాదు. చేయి కదలిక మసకబారకుండుటకు షట్టరు వేగం సెకనులో 125వ వంతు అయినను ఉండవలెను. ఫోనులోని రాత్రి పద్ధతి అనేక చిత్రాలను కలిపి ఒకటి చేయును గావున కదలుచున్న మనుష్యులకు అది తగదు. కవిని మాత్రమే గాక, "ముకర్రర్" అని కోరుచున్న శ్రోతల ముఖాలను కూడ తీసినప్పుడే సభ సంపూర్ణమగును.

సమ్మతి

ఇక ప్రధాన విషయానికి వచ్చెదము. 2017 ఆగస్టు 24న మన సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను రాజ్యాంగపు మౌలిక హక్కుగా ప్రకటించినది. చట్టం మాట అటుంచి, మర్యాద మాట చూచినను సమ్మతి అవసరమే. పూర్వం చిత్రం ఆల్బములో ఉండెడిది. ఆల్బము ఇంటి బీరువాలో ఉండెడిది. నేడు ఒక్క క్షణంలో అది వేలమందికి చేరును. చేరిన పిదప తిరిగి రప్పించుట అసాధ్యం. తన చిత్రం ఎక్కడికి పోవునో అను భయంతో ఒక విద్యార్థిని బహుమతి గెలిచియు వేదికపైకి రాకున్నచో, ఆ సభలో ఎన్ని మంచి చిత్రాలు తీసినను ఏమి ప్రయోజనం? ఆమె విజయానికి సాక్ష్యం లేకుండ పోవును. ఆమె తోటివారికి ధైర్యం లేకుండ పోవును.

కావున కళాశాల కమిటీ వారికి మా మనవి యిది. ప్రతి సభకు ఇద్దరు విద్యార్థి ఛాయాచిత్రకారులను నియమింపవలెను. వారిలో ఒకరు విద్యార్థిని కావలెను. జెనానా స్టూడియో చూపిన మార్గమిదియే. సభారంభంలో ఉర్దూలోను, తెలుగులోను చిత్రాలు తీయబడునని ప్రకటించి, వద్దనుకొన్నవారి కొరకు కొన్ని వరుసలు కేటాయింపవలెను. పదునెనిమిది ఏండ్లు నిండని ఇంటర్మీడియట్ విద్యార్థుల విషయంలో తలిదండ్రుల అనుమతి గైకొనవలెను. ఎవరైన తమ చిత్రాన్ని తొలగింపుమని కోరినచో కారణం అడుగక తొలగింపవలెను.

భద్రపరచుట

చిత్రంలో ఉన్నవారి పేర్లు ఎడమ నుండి కుడికి, వరుసల వారీగా, తేదీతో సహా ఆ వారంలోనే వ్రాసి ఉంచవలెను. పది సంవత్సరాల పిదప ముఖాలు మిగులును గాని పేర్లు మిగులవు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రం కుదించబడి నాణ్యత కోల్పోవును. పత్రికలో స్పష్టంగా అచ్చుపడుటకు అంగుళానికి 300 చుక్కలు కావలెను. అనగా ఆరంగుళాల వెడల్పు చిత్రానికి 1800 చుక్కలు. కావున అసలు ప్రతిని రెండు వేర్వేరు చోట్ల దాచి, దానినే సంపాదకవర్గానికి అందజేయవలెను.

విద్యార్థి మిత్రులారా! ఖరీదైన కెమెరా లేదని చింతింపనక్కరలేదు. కాంతి ఎటు నుండి వచ్చుచున్నదో చూడుడు, నాలుగడుగులు నడచి సరియైన చోట నిలువుడు, చిరునవ్వుతో అనుమతి అడుగుడు. అడిగి తీసిన చిత్రంలో మనిషి నిశ్చింతగా కనబడును. ఆ నిశ్చింతయే చిత్రానికి అందం.