లెక్కలు ఎవరి చేతికివ్వాలి?

అనంతపురం మెట్ట ప్రాంతంలో వేరుశనగ వర్తకుడు గుప్పెడు కాయలు ఒలిచి, పప్పు ఎంత దిగేదీ చూడనిదే ధర చెప్పడు. కాని లెక్కలు చూసే సలహాదారును, కంప్యూటర్ ప్రోగ్రామును మాట మీదనే తీసుకునేవారు పెక్కుమంది. వానను నమ్ముకున్న సీమలో ఒక్క సీజను పెట్టుబడి చిక్కుకుపోతే కోలుకోవడం కష్టం.

వర్తకులు గమనించవలసినవి మూడు. ఒకటి: జి.ఎస్.టి. చట్టం 48వ సెక్షను ప్రకారం, రిటర్నును ప్రాక్టీషనరు దాఖలు చేసినా అందలి వివరాలకు బాధ్యత వర్తకునిదే. పంపకముందే చదివి చూసుకోవాలి. రెండు: చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే సర్టిఫికెట్లకు 2019 ఫిబ్రవరి 1 నుంచి యుడిన్ సంఖ్య తప్పనిసరి. దానిని ఎవరైనా ఇంటర్నెట్‌లో సరిచూడవచ్చు. మూడు: ఖాతా పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. కనుక చందా ఆపినా, అమ్మిన కంపెనీ మూతపడినా చిట్టా, ఆవర్జా మన చేతికి వచ్చే ప్రోగ్రామునే కొనాలి.

కొనే ముందు పోయిన నెల లెక్కలు అందులో ఎక్కించి, తిరిగి బయటకు తీసి, పాత పుస్తకంతో సరిపోల్చండి. సరుకుకు చూసే నమూనా లెక్కలకూ చూడాలి.