ప్రకృతి చేయు సేవ

ప్రతిదినము వీధి నూడ్చు మనిషి విలువ అతడు రాని దినముననే తెలియును. ప్రకృతి విషయమునను ఇట్లే జరుగుచున్నది. గాలి, నీరు, నేల, చెట్టు, పక్షి అడుగకయే చేయు పనులను మానవుడు చిరకాలము లెక్కింపలేదు. ఆ పనులకు శాస్త్రజ్ఞులు ‘ఆవరణవ్యవస్థల సేవలు’ అని పేరిడిరి. ఐక్యరాజ్యసమితి ప్రేరణచే వేయిమందికి పైగా నిపుణులు కూడి 2005లో ప్రకటించిన సమీక్ష వీనిని నాలుగు తెగలుగా విభజించినది. అన్నము, కలప వంటివి సమకూర్చుట మొదటిది. వరదలను, వ్యాధులను అదుపునం దుంచుట రెండవది. మనస్సునకు, సంస్కృతికి ఆలంబనమగుట మూడవది. నేలను సారవంతము చేయుట వంటివి ఈ మూడింటికిని ఆధారమై నాలుగవ తెగ యగుచున్నవి.

ఈ దృష్టి యొక్క ప్రయోజనమును రాబందుల వృత్తాంతము చక్కగా తెలుపును. ఒకప్పుడు భారతదేశమున రాబందులు లక్షల కొలది యుండెడివి. ఊరివెలుపల పడవేసిన పశుకళేబరమును అవి గుంపుగా వచ్చి అచిరకాలముననే ఎముకలు మాత్రము మిగులునట్లు తినివేసెడివి. వాని కడుపులోని తీవ్రమైన ఆమ్లము అనేక రోగక్రిములను నశింపజేయును. ఈ పారిశుద్ధ్యమునకు ఎవరును జీతమీయలేదు. కావున దాని విలువయు ఎవరికిని తోచలేదు.

1990 తరువాత ఈ పక్షులు వేగముగా క్షీణింపసాగినవి. 1992కును 2007కును నడుమ భారతదేశమున తెల్లవీపు రాబందుల సంఖ్య నూటికి 99 పాళ్లకు మించి తగ్గెను. కారణము 2004లో బయటపడినది. పశువుల నొప్పి తగ్గించుటకు వాడిన డైక్లోఫినాక్ అను మందు కళేబరముతోపాటు రాబందు కడుపు చేరి, దాని మూత్రపిండములను పాడుచేయుచుండెను. ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టు పక్షి ఇంతటి నష్టమును పూడ్చుకొనలేదు. రాబందులు లేని చోట కళేబరములు క్రుళ్లెను. కుక్కలు వానిపై చేరి పెరుగజొచ్చెను. వానితో వెఱ్ఱికుక్కకాటు భయమును పెరిగెను.

మందు చౌక యని అందరును తలచిరి. కాని రాబందు చేయు సేవను లెక్కలో చేర్చినచో అది చౌక కాదని తేలినది. 2006లో భారత, పాకిస్తాన్, నేపాల్ దేశములు పశువైద్యమున ఆ మందును నిషేధించినవి. రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ దాని స్థానమున సూచింపబడినది. కనబడని మేలును కనబడునట్లు చేయుటయే ఈ భావనయొక్క గొప్ప ప్రయోజనము. పాలకునకును, వైద్యునకును, రైతునకును సమానముగా తెలియు భాష అది.

అయినను ఈ లెక్కకు ఒక హద్దు కలదు. కళేబరములను దహించు యంత్రము రాబందు పనిలో కొంత చేయగలదు. అంతమాత్రమున రాబందు అనవసరమగునా? ముంబయిలోని పారసీకులు తమ మృతదేహములను దఖ్మాలలో రాబందుల కర్పించెడివారు. పక్షులు మాయమైన పిదప సూర్యకిరణములను కేంద్రీకరించు అద్దముల నమర్చవలసివచ్చినది. దేహము శుష్కించుట జరిగినను, చివరి దానముగా ఒక ప్రాణికి ఆహారమగుట అను అర్థము ఆ అద్దములకు రాలేదు. దీనికి వెలకట్టు పద్ధతి లేదు.

కావున సేవల లెక్క ఋణపత్రము వంటిది. ఎంత పుచ్చుకొంటిమో అది తెలుపును. తెలియనివాడు ఋణము తీర్ప యత్నింపడు గనుక అది అవసరము. కాని ఇచ్చినవానిని గౌరవించుటకు పత్రము చాలదు. సేవకుని పని నిమిత్తము మాత్రమే ఆదరించువాడు పని తీరగనే వానిని విడుచును. రాబందు మనుష్యులకొరకై పుట్టినది కాదు. అది తన ఆకలి తీర్చుకొనుచుండగా ఊరు శుభ్రమైనది. ఈ రెండు సత్యములను కలిపి చూచువాడే ప్రకృతిని సరిగా గ్రహించినవాడు.