పాత పహాణీ చదవగలిగితే న్యాయరంగంలో మంచి దారి

నిరంకుశ పాలన గానీ, అంతర్గత పోరు గానీ ముగిశాక బాధితులకు నిజం తెలియజేసి, పోయిన హక్కులు తిరిగి ఇప్పించడాన్ని పరివర్తన కాలపు న్యాయం అంటారు. దక్షిణాఫ్రికాలో ఈ పనికి డెస్మండ్ టూటూ అధ్యక్షతన కమిషన్ వేశారు. నిజాం పాలన 1948 సెప్టెంబరులో ముగిశాక మన దగ్గర అలాంటిది ఏర్పడలేదు. సంస్థానాన్ని భారత్‌లో కలిపిన సైనిక చర్యను పోలీసు చర్య అంటారు; ఆనాటి హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని, కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపలేదు. అది పెద్ద అన్యాయం.

భూమి విషయంలో మాత్రం చట్టాలు వచ్చాయి. వెట్టికి ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్య 1946లో అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో నేలకొరిగాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. దాని 38-ఈ సెక్షన్ రక్షిత కౌలుదారులకు యాజమాన్య సర్టిఫికెట్లు ఇచ్చింది. సర్టిఫికెట్ ఉన్నా భూమి చేతికి రానివాళ్ల వారసులు నేటికీ కోర్టు వాయిదాలకు తిరుగుతున్నారు.

నల్లగొండ, పాలమూరు పిల్లలకు పని ఉన్నది ఇక్కడే. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల సాగు రికార్డు, తెరిస్తే పట్టాదారు పేరు ఒక గడిలో, సాగులో ఉన్నవారి పేరు వేరే గడిలో కనిపిస్తాయి. రెండు పేర్లూ వేరైతే కేసు అక్కడ మొదలవుతుంది. సర్వే నాటి భూమి రికార్డులైన పాత సేత్వార్లలో ఉర్దూ రాత ఉంటుంది. అది చదవగల యువ లాయర్లు తక్కువ. లా చదువుతూనే ఉర్దూ లిపి పట్టుకోండి, తర్వాత తెలుస్తుంది దాని విలువ.

ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా కోర్సులకు లాసెట్ రాయాలి. నల్సార్ లా యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సుకైతే క్లాట్ రాయాలి. చరిత్ర చదివినవాళ్లకు పాత రికార్డులు వెతకడానికి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. సోషల్ వర్క్ చదివినవాళ్లు 1976 చట్టం కింద వెట్టి నుంచి విడిపించిన కూలీల పునరావాసంలో పనిచేయవచ్చు. విడుదల పత్రం చేతికి రాకపోతే ఆ కూలీకి రావాల్సిన సాయం ఆగిపోతుంది, కాబట్టి వాంగ్మూలం ఓపికగా రాసుకోవడం నేర్చుకోవాలి. ఈ రంగంలో మొదట్లో రాబడి తక్కువే, ఇంట్లో ఆ సంగతి ముందే చెప్పండి.

డిగ్రీ దాకా ఆగక్కర్లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు పారా లీగల్ వలంటీర్లను తీసుకుంటాయి. పనిచేసిన రోజులకు గౌరవ వేతనం ఇస్తారు. నోటిఫికేషన్ కోసం మీ జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న ఆఫీసులో అడగండి.