తీగతో చెప్పిన యుద్ధకథ

చంద్రగిరి సీమ పల్లెలలో వేసవి వచ్చినచో భారతము మొదలగును. ద్రౌపదీదేవి గుడి ముంగిట పగలు భాగవతారు హరికథ చెప్పుదురు. రాత్రి కళాకారులు వీధినాటకమాడుదురు. కడపటి దినమున నేలపై పఱుండిన దుర్యోధనుని మట్టిబొమ్మ తొడను భీముడు గదతో మోదును. పలుచోట్ల ఈ వేడుక 18 దినములు సాగును.

జపానులోను ఇట్టి యుద్ధగాథ కలదు. 1185లో దాన్-నో-ఉరా కడ సముద్రముమీద జరిగిన పోరులో హైకె వంశము నశించెను. పసివాడగు చక్రవర్తియు నీట మునిగెను. ఈ కథను ఊరూరను పాడినవారు అంధభిక్షువులు. వారి వాద్యము ‘బివా’. దానికి సాధారణముగా నాలుగు తీగలు. మన బుఱ్ఱకథకుని తంబుర యెడతెగక శ్రుతి నిచ్చును. బివా యట్లు కాదు. గాయకుడు పలుకునపుడు అది చాలవఱకు ఊరకుండి, పలుకు ఆగినచోట మ్రోగును. వినువారికి ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయము గొల్పునేమో!

కన్నులు లేనివారు గురుముఖమున వినియే నేర్వవలెను గదా. కకుఇచి యను గాయకుడు 1371లో, తన మరణమునకు ముందు, కథనంతయు శిష్యునిచే వ్రాయించెను. మాటలు దక్కినవి. కాని 1871లో ప్రభుత్వము అంధగాయకుల సంఘమును రద్దుచేయగా శిష్యులు తగ్గిరి. దాదాపు 200 ఘట్టములలో నాగోయా అంధగురువుల పరంపరయందు 20వ శతాబ్దికి మిగిలినవి ఎనిమిదే.