స్లైడ్లతో ప్రత్యక్ష ప్రసారం: సహాయం అడిగే పద్ధతి, నేర్చుకునే పద్ధతి

హైదరాబాదు పడమటి భాగం రూపు మారడానికి 1998 ఒక మలుపు. ఆ ఏడాది జనవరిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడాది ట్రిపుల్ ఐటీ మొదలైంది. నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. గచ్చిబౌలిలోని ఆ ఉర్దూ విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్‌స్ట్రక్షనల్ మీడియా సెంటర్ తన సభలను, ఉపన్యాసాలను యూట్యూబ్ ద్వారా ప్రత్యక్షంగా చూపిస్తూ వస్తోంది.

అంతటి స్టూడియో మనకు అవసరం లేదు. కానీ అవసరం మాత్రం మనకూ ఉంది. ఉపకార వేతనం దరఖాస్తు ఎలా నింపాలో మన హాలులో గంటసేపు చెబితే, అది వచ్చినవారికే అందుతుంది. జిల్లాలో ఉన్న విద్యార్థికి, పసిబిడ్డను వదిలి రాలేని తల్లికి, నైట్ షిఫ్టు ముగించి నిద్రపోతున్న ఉద్యోగికి అందదు. దరఖాస్తు గడువు వారికోసం ఆగదు.

ఎవరిని అడగాలి?

హైటెక్ సిటీలో పనిచేసే యువకుడు మనలో చాలామందికి బంధువో, పొరుగువాడో అయి ఉంటాడు. “బాబూ, కాస్త లైవ్ పెట్టి వెళ్లు” అంటే ఒక ఆదివారం వచ్చి పెడతాడు. మరో ఆదివారం అతనికి డ్యూటీ పడితే మన కార్యక్రమం ఆగిపోతుంది. కాబట్టి “పెట్టి వెళ్లు” అనకుండా “నేర్పి వెళ్లు” అని అడగాలి.

మరో సంగతి. ఐటీ ఉద్యోగి అయినంత మాత్రాన మైకుల సంగతి తెలియాలని లేదు. అది ఫంక్షన్ హాళ్లలో మైకులు అమర్చే సౌండ్ ఆపరేటర్‌కు బాగా తెలుసు. ఇద్దరినీ ఒకేసారి పిలవండి. పిలిచే ముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసి పెట్టండి: వక్తలు ఎందరు, మైకులు ఎన్ని, లాప్‌టాప్ ఏది, ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం ఎంత. ఆఫీసు లాప్‌టాప్ తెమ్మని మాత్రం ఎవరినీ అడగకండి. చాలా కంపెనీలు అందులో బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వవు. మనకు చేసిన మేలు అతని ఉద్యోగానికి ఇబ్బంది కాకూడదు.

ముందు మాట వినపడాలి

బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవారు ఓర్చుకుంటారు. మాట వినపడకపోతే వెళ్లిపోతారు. హాలు స్పీకర్ల శబ్దాన్ని దూరం నుంచి ఫోనుతో పట్టుకుంటే ప్రతిధ్వని కలుస్తుంది. మిక్సర్ నుంచి ఒక వైరును చిన్న యూఎస్‌బీ ఆడియో పరికరం ద్వారా కంప్యూటర్‌కు తీసుకోవాలి. మిక్సర్ లేకపోతే వక్తకు కాలర్ మైకు చాలు.

స్లైడ్లు

చాలామంది ఫోనులోనే చూస్తారు. ఒక స్లైడులో ఒకే విషయం, ఐదారు పంక్తులకు మించకుండా పెద్ద అక్షరాలతో ఉండాలి. స్లైడును మీ ఫోనుకు పంపుకుని, చేయి చాచి పట్టుకుని చదవండి. చదవలేకపోతే మార్చండి. అను ఫాంటులో చేసిన తెలుగు స్లైడు గానీ, నస్తలీఖ్ ఫాంటులో చేసిన ఉర్దూ స్లైడు గానీ ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో చెదిరిపోతుంది. పీడీఎఫ్‌గా మార్చి తెస్తే ఈ బాధ ఉండదు.

కంప్యూటర్‌లో అమరిక

ఓబీఎస్ స్టూడియో ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో మూడు సీన్లు తయారు చేసుకుంటే సరిపోతుంది: “కొద్దిసేపట్లో ప్రారంభం” అనే అట్ట, వక్త ఒక్కరే కనిపించేది, స్లైడుతో పాటు ఒక మూల వక్త చిన్నగా కనిపించేది. ఆ మూలను ప్రతి స్లైడులోనూ ముందే ఖాళీగా ఉంచాలి. యూట్యూబ్ ఇచ్చే స్ట్రీమ్ కీ ఇంటి తాళంచెవి లాంటిది. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. కొత్త ఛానల్‌కు లైవ్ అనుమతి రావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు. అందుకని రెండు రోజుల ముందే ఆ పని ముగించండి.

ఇంటర్నెట్ లెక్క

720పి నాణ్యతతో సెకనుకు 2.5 మెగాబిట్లు పంపితే గంటకు సుమారు 1.1 జీబీ ఖర్చవుతుంది. అప్‌లోడ్ వేగం దానికి రెట్టింపు, అంటే కనీసం 5 ఎంబీపీఎస్ ఉండాలి. వైఫై కన్నా వైరు నమ్మకం. చూసేవారికి డేటా తక్కువ ఉంటే 240పి ఎంచుకోవచ్చని కార్యక్రమం మొదట్లోనే చెప్పండి. ప్రసారం 12 గంటల లోపు ముగిస్తే యూట్యూబ్ దాన్ని భద్రపరుస్తుంది. ఆ సమయంలో చూడలేనివారు తరువాత చూసుకోవచ్చు.

గౌరవం కాపాడాలి

దరఖాస్తు నింపడం చూపించేటప్పుడు నిజమైన విద్యార్థి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా తెర మీదకు రాకూడదు. కల్పిత వివరాలతో నమూనా తయారు చేసుకోండి. సహాయం కోరి వచ్చినవారు కూర్చున్న వైపు కెమెరా తిప్పకండి. అవసరంలో ఉన్నవారి ముఖం లోకానికి చూపించి చేసే మేలు మేలు కాదు.

నేర్చుకోవడం మూడు విడతల్లో

మొదటిసారి సహాయకుడు చేస్తుంటే మన కార్యకర్తలు ఇద్దరు చూస్తూ ప్రతి మెట్టూ రాసుకోవాలి. రెండోసారి మౌస్ మన కార్యకర్త చేతిలో ఉండాలి. సహాయకుడు పక్కన కూర్చుని నోటితో మాత్రమే చెప్పాలి. మూడోసారి అతను ఇంట్లోనే ఉండి ఫోనులో చూడాలి. మాట సరిగా వినపడుతోందా, స్లైడు చదవగలుగుతున్నామా అనేది హాలులో ఉన్నవారికి తెలియదు. బయట నుంచి చూసేవారే చెప్పగలరు. ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది కనుక, అతను చెప్పేదాన్ని ఆ తేడాతో అర్థం చేసుకోవాలి.

రాసుకున్న ఆ మెట్ల కాగితాన్ని లాప్‌టాప్ సంచిలోనే ఉంచండి. వచ్చే ఏడాది కొత్త కార్యకర్త వచ్చినప్పుడు అతని మొదటి పాఠం అదే అవుతుంది.