చుక్కల లెక్క

వ్యాధిని జయించాలంటే ముందుగా దేహం దానిని గుర్తించాలి. ఈ గుర్తింపును నేర్పేవి డెండ్రైటిక్ కణాలు. 1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ అనే శాస్త్రవేత్తలు ఎలుక ప్లీహంలో వీటిని కనుగొన్నారు. ఇవి కొమ్మల వంటి పోగులు కలిగి ఉంటాయి. గ్రీకు భాషలో ‘డెండ్రాన్’ అంటే చెట్టు. ఆ పదం నుంచే వీటికి ఈ పేరు వచ్చింది.

కాన్సర్ కణం పరాయిది కాదు. దారి తప్పిన సొంత కణమే. అందువల్ల రక్షకభటుల వంటి టి-కణాలు తరచు దానిని ఉపేక్షిస్తాయి. రోగి రక్తం నుంచి డెండ్రైటిక్ కణాలను సిద్ధపరచి, కణితిలోని ప్రతిజనకాన్ని వాటికి చూపి, తిరిగి రోగి దేహంలోకి ఎక్కిస్తే అవి టి-కణాలను మేల్కొలుపుతాయి. ఈ టీకాలోని సూత్రం ఇదే.

టి-కణాలు మేల్కొన్నాయని తెలిసేదెలా? 1980వ దశకంలో రూపొందిన ఎలిస్పాట్ పరీక్ష అందుకొక సాధనం. చిన్న గుంటలున్న పలక అడుగున, ఇంటర్‌ఫెరాన్-గామా అనే పదార్థాన్ని ఒడిసిపట్టే ప్రతిదేహాలను పూస్తారు. ఆ గుంటల్లో రోగి రక్తకణాలను, కణితి ప్రతిజనకాన్ని కలిపి ఉంచుతారు. ప్రతిజనకాన్ని గుర్తించిన టి-కణం ఆ పదార్థాన్ని స్రవిస్తుంది. అది కణం చుట్టూనే చిక్కుకొని, రంగు వేసినప్పుడు చుక్కగా కనబడుతుంది. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క కణానికి గుర్తు. ప్రతిజనకం కలపని గుంటలోనూ చుక్కలను లెక్కించి, వాటిని తీసివేస్తారు. ఈ విధంగా టీకాకు ముందు, తరువాత తీసిన రక్తాన్ని పోల్చి చూస్తారు.

అయితే చుక్కలు పెరిగినంత మాత్రాన వ్యాధి తగ్గినట్లు కాదు. మేల్కొన్న కణాలు కణితిని చేరలేకపోవచ్చు. చేరినా అక్కడ వాటి శక్తి అణగిపోవచ్చు. కనుక రోగుల ఆయుష్షును కూడా కొలవవలసిందే. ప్రోస్టేట్ కాన్సర్‌కు 2010లో అమెరికా ఆమోదించిన సిపులూసెల్-టి చికిత్సను 512 మందితో పరీక్షించారు. దానిని పొందినవారి మధ్యస్థ జీవితకాలం 25.8 నెలలు, పొందనివారిది 21.7 నెలలు.

2007లో స్టైన్‌మన్‌కే క్లోమ కాన్సర్ సోకినట్లు తేలింది. ఇతర చికిత్సలతో పాటు, తన కణాలతో తయారైన టీకాలను ఆయన స్వీకరించాడు. నాలుగున్నర సంవత్సరాలు జీవించి, 2011 సెప్టెంబర్ 30న కన్నుమూశాడు. ఆ వార్త తెలియని నోబెల్ సంఘం అక్టోబర్ 3న ఆయనకు బహుమతి ప్రకటించింది. తెలిసిన తరువాత కూడా దానిని నిలిపి ఉంచింది. ఆయన ఆయువును పెంచినది టీకాయేనా? చెప్పలేము. ఒక్కరి జీవితం ఎంత మహోన్నతమైనా, అది శాస్త్రానికి నిరూపణ కాజాలదు. అందుకే చుక్కల లెక్క ఇంకా సాగుతూనే ఉంది.

అర్థాలు
ఉపేక్షించు = పట్టించుకోకుండా విడిచిపెట్టు
స్రవించు = ఊరు, కారు
నిరూపణ = రుజువు

ప్రశ్నలు
1. ఎలిస్పాట్ పరీక్షలో చుక్క ఏర్పడే విధానాన్ని వివరించండి.
2. చుక్కల సంఖ్య ఒక్కటే టీకా విజయాన్ని ఎందుకు నిర్ణయించలేదు?